పొడపత్రి సిల్వర్ నానో పార్టికల్స్: ఇక ఎలుకల మీద మొదలుపెట్టొచ్చా?

ఎం.ఫార్మసీ, గుంటూరు:
అందరికీ నమస్కారం. షుగర్ వ్యాధికి పనికొస్తాయేమోనని పొడపత్రి ఆకు కషాయంతో సిల్వర్ నానో పార్టికల్స్ (అతి సూక్ష్మమైన వెండి రేణువులు) చేశాను. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపాక లేత పసుపు రంగు కాస్తా ముదురు గోధుమ రంగుకు తిరిగింది, వెలుతురును పీల్చుకునే పీక్ 425 నానోమీటర్ల దగ్గర వచ్చింది. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్‌ను ఎంత ఆపుతాయో చూసే ఈస్ట్ ఆల్ఫా గ్లూకోసిడేజ్ టెస్టులో, షుగర్ మందు అకార్బోస్ కన్నా బాగా పనిచేశాయి. గైడ్ గారు ఎథిక్స్ కమిటీకి అప్లై చేసి, స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో షుగర్ తెప్పించిన ఎలుకల మీద మొదలుపెట్టమంటున్నారు. టాక్సిసిటీ (విష ప్రభావం) చూడ్డానికి ఓఈసీడీ 423 అనే పరీక్ష ఒక్కటి చాలని సీనియర్ల మాట. నిజంగా చాలుతుందా? టెన్షన్‌గా ఉంది.

ఫార్మకాలజీ టీచర్, వరంగల్:
అమ్మా, ఎలుకల జోలికి ఇప్పుడే పోకు. ఈ టెస్టులో రంగును 405 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. నీ పార్టికల్స్ కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే వెలుతురును పీల్చుకుంటున్నాయి. ఎంజైమ్ లేకుండా, అదే బఫర్‌లో, అదే మోతాదు పార్టికల్స్‌తో బ్లాంక్ పెట్టి, దాని రీడింగును అసలు రీడింగులోంచి తీసేశావా? లేకపోతే ఆ అంకెను నమ్మలేం. పైగా ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోస్ మామూలుగానే బలహీనం. దాన్ని దాటడం గొప్ప కాదు. ఎలుక పేగు ఎంజైమ్‌తో చేసి చూడు.

అసలు భయం వేరే ఉంది. వెండి అయాన్లు ఎంజైముల్లోని సల్ఫర్‌ను పట్టుకుని వాటిని పాడుచేస్తాయి. అది మందు పని కాదు, విషం పని. ఉత్త కషాయం, ఉత్త సిల్వర్ నైట్రేట్, పార్టికల్స్‌ను సెంట్రిఫ్యూజ్ చేశాక మిగిలిన పైనీరు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చెయ్యి. పైనీరే అంత పనీ చేస్తుంటే ఇక నానో అనడానికి ఏముంది?

ఎం.ఫార్మసీ, గుంటూరు:
పైనీటితో చేయలేదు సార్, రేపే పెడతాను. మరి 423 సంగతి?

ఫార్మకాలజీ టీచర్, వరంగల్:
అది ఒక్క డోసు ఇచ్చి 14 రోజులు చూసే పరీక్ష. షుగర్ మందు ఏళ్ల తరబడి వాడాల్సింది, వెండేమో కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటుంది. అందుకే 28 రోజులు రోజూ డోసు ఇచ్చి చూసే ఓఈసీడీ 407 కావాలి, అదీ ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లో. స్ట్రెప్టోజోటోసిన్ తనే కాలేయాన్ని, కిడ్నీని దెబ్బతీస్తుంది కాబట్టి ఆ ఎలుకల్లో కనిపించిన నష్టం దేనివల్లో తేల్చలేవు. ఇంకో మాట. నీ పార్టికల్స్ పేగులోని ఎంజైమ్‌ను ఆపేవే అయితే మొదట పంచదార తాగించి, తర్వాత షుగర్ ఎంత పెరుగుతుందో చూడు. దానికి మామూలు ఎలుకలు చాలు. ఆ మూగజీవాలను ఊరికే బాధపెట్టకూడదు కదమ్మా.

విజయవాడ నుంచి:
సార్, మా నాన్నగారికి షుగర్. నానో సిల్వర్ చుక్కలని ఎవరో అమ్ముతున్నారు, వాడొచ్చా?

ఫార్మకాలజీ టీచర్, వరంగల్:
వద్దండీ. వెండి ఎక్కువ కాలం ఒంట్లోకి వెళితే చర్మం నీలి బూడిద రంగుకు మారుతుంది, అది మళ్లీ పోదు. డాక్టర్ రాసిన మాత్రలు ఆపకండి. ఇంట్లో పొడపత్రి పొడి వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి, మాత్రలతో కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు.