దసరా సెలవుల తర్వాత బడి అంటేనే వణుకు. మీ ఇళ్లలో ఏం చేశారు?

హన్మకొండ అమ్మ:
మా పాప ఐదో తరగతి. సెలవులు అయిపోయినప్పటి నుంచి పొద్దున ఆటో హారన్ వినపడితే చాలు, కడుపు పట్టుకుని కూలబడుతుంది. ఆటో వెళ్లిపోయాక నొప్పి ఉండదు. ఆదివారం అసలే ఉండదు. పిల్లల డాక్టర్ పరీక్షలు చేయించి ఏమీ లేదన్నారు. మా అత్తమ్మ "రెండేస్తే అదే పోతది" అంటున్నది. నాకు చెయ్యి రావట్లేదు.

కాజీపేట నాన్న:
కొట్టకండమ్మా. అది నాటకం కాదు, భయానికి కడుపు నిజంగానే నొస్తది. అట్లని ఇంట్లోనే ఉంచితే, ఆ పూటకు ఊరట దొరుకుతుంది గానీ మరునాటికి భయం ఇంకా పెరుగుతది. మా బాబుకు సైకాలజిస్ట్ మెట్లు మెట్లుగా చేయించారు. ముందు యూనిఫాం వేసుకుని గేటు దాకా పోయి రావడం. తర్వాత ప్రేయర్ అయ్యేదాకా ఉండడం. ఆపైన వాడికిష్టమైన లెక్కల పీరియడ్ ఒక్కటే. ఒక మెట్టు మీద టెన్షన్ తగ్గాకే ఇంకోటి. ఇంట్లో ఉన్న పూట టీవీ, ఫోన్ బంద్. తిట్టడం కూడా బంద్.

జనగామ:
మందులేమైనా ఇచ్చారా అన్నా?

కరీంనగర్ నర్స్:
అందరికీ అక్కర్లేదు. మాట్లాడి, అలవాటు చేసే చికిత్సే ముందు. ఆందోళన, దిగులు మరీ ఎక్కువైతేనే సైకియాట్రిస్ట్ రాస్తారు. మెడికల్ షాపులో అడిగి మాత్రం తెచ్చి వేయకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బిడ్డ నోట చచ్చిపోతానన్న మాట వస్తే ఆగకండి, ఆ రోజే చూపించండి.

ములుగు టీచర్:
బళ్లో ఏం జరుగుతోందో కనుక్కోండి మేడమ్. "ఎందుకు పోవు?" అంటే పిల్లలు చెప్పరు. "ఏ పీరియడ్ కష్టం? ఆటోలో పక్కన ఎవరు కూర్చుంటారు?" అని అడగండి. దెబ్బలు, అవమానాలు ఉన్నాయని తేలితే గట్టిగా నిలదీయండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ రెండింటినీ నిషేధించింది.

హన్మకొండ అమ్మ:
రాత్రి జడ వేస్తూ అడిగాను. ఇంగ్లిష్ పాఠం నిలబడి చదవమంటారట, తప్పు పోతే అందరూ నవ్వుతారట. ఇక చదవమని లేపొద్దని టీచర్‌కు చెప్పనా?

ములుగు టీచర్:
పూర్తిగా మాన్పించకండి, భయం అట్లనే ఉండిపోతది. ముందు టీచర్ ఒక్కరి దగ్గర నాలుగు లైన్లు చదవనివ్వమనండి. తర్వాత పక్క పాపతో కలిసి, ఆ తర్వాత క్లాసులో. నవ్వే పిల్లల సంగతి టీచర్ చూసుకోవాలి, ఆ మాటా స్పష్టంగా చెప్పండి. తిరిగి వచ్చిన రోజు "ఇన్నాళ్లు ఏమైపోయావ్?" అని అందరి ముందు అడగొద్దని కూడా.