మిద్దె తోటకి నిజంగా పనికొచ్చే పనిముట్లు ఏవి? సెట్ కొని విసిగిపోయా

ఉప్పల్_మిద్దె:
నమస్తే అందరికీ. ఉప్పల్‌లో మాది 150 గజాల ఇల్లు, పైన టబ్బులు, గ్రో బ్యాగులు, ఖాళీ పెయింటు డబ్బాలు అన్నీ కలిపి నలభై దాకా ఉంటాయి. టమాటా, వంగ, బెండ, రెండు బీర పాదులు, ఒక కాకర, ఆకుకూరలు, డ్రమ్ముల్లో నిమ్మ, కరివేపాకు. మృగశిర కార్తె వచ్చేలోపు మట్టంతా తిరగేసి విత్తనాలు పెట్టేద్దామని ఆలోచన, కానీ పనిముట్ల దగ్గరే ఆగిపోయాను. ఆన్‌లైన్‌లో ఐదు వస్తువుల సెట్ తెప్పిస్తే ఎండి గట్టిపడ్డ మట్టిలో గుచ్చగానే చిన్న పార మెడ దగ్గర వంగిపోయింది, కత్తెరేమో వంకాయ తొడిమని నలపడమే తప్ప కోయట్లేదు. మా అమ్మ "పాత గరిటె చాలు, డబ్బులు తగలేయకు" అంటోంది, మా ఆవిడ బ్యాటరీ స్ప్రేయర్ కొనమంటోంది. అన్నీ కలిపి మూడు వేల లోపు అవ్వాలి. మీరు రోజూ చేతిలోకి తీసుకునేవి ఏవి, కొని మూలన పడేసినవి ఏవి, కాస్త చెప్పండి. మాది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. ఊరెళ్తే నీళ్లు పోసేవాళ్లు లేరు, అదో టెన్షన్.

బీరపాదు_బెజవాడ:
సెట్లు కొనకండి. చూడ్డానికి బాగుంటాయి కానీ రేకుని వంచి పిడికి అతికించినవే చాలావరకు.

మీ డబ్బు ముందు కత్తెర మీద పెట్టండి. కటర్లలో రెండు రకాలుంటాయి. రెండు బ్లేడ్లు ఒకదాని పక్కనుంచి ఒకటి జారేది బైపాస్ రకం, ఒకే బ్లేడు వచ్చి చదును పట్టీ మీద కూర్చునేది యాన్విల్ రకం. ఈ రెండోది ఎండు కొమ్మలకే, పచ్చి కాడని నొక్కి చితక్కొడుతుంది, మీ దగ్గరున్నది అదే అయ్యుంటుంది. కొనేముందు షాపులోనే పల్చటి కాగితం పెట్టి బ్లేడు కొసతో కోసి చూడండి, కొస దగ్గర తెగకుండా కాగితం మడత పడిందంటే అది వద్దు. నేను వాడేది ఫాల్కన్ వాళ్ల మామూలు రకం, ఇన్నేళ్లలో స్ప్రింగు మార్చడం తప్ప ఇంకే ఖర్చూ పెట్టలేదు. పని అయ్యాక బ్లేడుకి అంటిన జిగురు తుడిచి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు.

మట్టికి తాపీ తెచ్చుకోండి. గోడ కట్టే మేస్త్రీలు వాడేదే, చిన్న సైజుది. నారు తీయడానికీ, కుండీ అంచున గట్టిపడ్డ మట్టి గీకడానికీ, ఎరువు కలపడానికీ దానికి మించింది నాకైతే కనపడలేదు, పైగా గార్డెన్ షాపులో దొరికే ట్రోవెల్ కన్నా చవక. మట్టి తిరగేయడానికి రెండు సిమెంటు బస్తాలు విప్పి కుట్టించుకోండి, టబ్బు దాని మీద బోర్లించి, చెరో పక్క ఇద్దరు పట్టుకుని అటోసారి ఇటోసారి ఎత్తితే మట్టీ, పశువుల ఎరువూ, కోకోపీటూ వాటంతటవే దొర్లి కలిసిపోతాయి, నడుము వంచి కెలికే పని ఉండదు. ఇసుక జల్లించే జల్లెడ కూడా ఒకటి ఉంచుకోండి, పాత వేర్లూ రాళ్లూ పోతాయి, కంపోస్టుకీ పనికొస్తుంది.

గడ్డపార:
బొరిగ (కలుపు తవ్వే చిన్న చేతి పనిముట్టు), మగ్గు, పాత చీర పీలికలు. మిగతాదంతా షోకు.

బొరిగ మాత్రం ఆన్‌లైన్‌లో తీసుకోకు తమ్ముడూ. కమ్మరి ఎక్కడైనా ఉంటే లారీ కమాను పట్టీ ముక్కతో కొట్టించుకో, అది వంగదు, అరిగినా మళ్లీ సాన పెట్టుకోవచ్చు. పిడికి ఎర్రగుడ్డ చుట్టు, లేదంటే కంపోస్టు కుప్పలో పోయి వచ్చే ఏడాది దొరుకుతుంది. చీర పీలికలు టమాటా కాడలు కట్టడానికి. ప్లాస్టిక్ దారం కడితే కాడ లావయ్యేకొద్దీ కోసుకుపోతుంది.

ఉప్పల్_మిద్దె:
అన్నా, కమ్మరిని ఉప్పల్‌లో ఎక్కడ వెతకను 😅 రాణిగంజ్ వెళ్తే హార్డ్‌వేర్ షాపుల్లో తాపీ, కటర్ రెండూ దొరుకుతాయి, అక్కడికైతే వెళ్తా. నీళ్ల సంగతి ఎవరైనా చెప్పండి.

చుక్కచుక్క:
నీళ్ల గురించి నేను చెప్తా, ఎందుకంటే ఆన్‌లైన్‌లో డ్రిప్ కిట్ కొని "పని చేయట్లేదు" అనేవాళ్లలో చాలామందికి తప్పు కిట్‌లో ఉండదు, ట్యాంకు ఎత్తులో ఉంటుంది. డ్రిప్పరు (కుండీ దగ్గర నీళ్లు చుక్కలుగా వదిలే చిన్న మూతి) మీద రాసిన లెక్క, అంటే గంటకి 2 లీటర్లు, 4 లీటర్లు అన్నది, మామూలుగా ఒక బార్ ప్రెషర్ దగ్గర వచ్చేది. ఒక బార్ రావాలంటే నీళ్లు దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగాలి. మీ ట్యాంకు మిద్దె మీదే రెండు మీటర్ల దిమ్మె మీద ఉంటే వచ్చేది అందులో ఐదో వంతు. ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం డ్రిప్పర్లు, అంటే ప్రెషర్ మారినా ఒకే లెక్కలో నీళ్లు వదిలేవి, అంత తక్కువ ప్రెషర్‌కి సరిగ్గా పని చేయవు, కొన్ని అసలు తెరుచుకోవు కూడా. అందుకని మిద్దె మీదకి తిప్పి సరిచేసుకునే రకం డ్రిప్పర్లు తీసుకోండి, లేదా 16 మిల్లీమీటర్ల పైపుకి 4 మిల్లీమీటర్ల సన్న ట్యూబు గుచ్చి నేరుగా కుండీలోకి వదిలేయండి. అన్నిటికీ సమానంగా రావు, ట్యాంకుకి దగ్గరున్న వాటికి ఎక్కువ పడతాయి. మగ్గు పెట్టి పది నిమిషాలకి ఎన్ని వస్తున్నాయో కొలిచి, ఎక్కువ వచ్చేచోట ట్యూబు పొడుగు పెంచితే సరిపోతుంది.

మీది ఉప్పు నీళ్లంటున్నారు కాబట్టి మొదట్లోనే స్క్రీన్ ఫిల్టర్ పెట్టండి. అది మట్టీ నాచూ ఆపుతుంది కానీ నీళ్లలో కరిగిన ఉప్పుని ఆపదు, డ్రిప్పరు మూతి దగ్గర తెల్లగా గట్టిపడుతుంది. ఊడదీసి వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే వదులుతుంది. టైమరు బ్యాటరీతో నడిచేది కొనొచ్చు, కాకపోతే కొన్ని టైమర్ల వాల్వు తక్కువ ప్రెషర్‌కి తెరుచుకోదు, ట్యాంకు నీళ్లకి పనిచేస్తుందా అని అడిగి మరీ కొనండి. ఊరెళ్లడానికి ముందు రెండు రోజులు ఇంట్లో ఉండగానే నడిపి చూడండి.

రోజువారీకి మాత్రం నేను రోజ్ క్యానే (మూతికి జల్లెడ బిళ్ల ఉండే నీళ్ల డబ్బా) వాడతా. మొలకల మీద పైపుతో కొడితే విత్తనం లేచి పక్క కుండీలో పడుతుంది.

నల్లరేగడి_డాలస్:
మేముండేది డాలస్ దగ్గర, ఇక్కడిదీ నల్లరేగడే, ఎండితే చేయి దూరేంత పగుళ్లు, తడిస్తే బూటుకి అంటుకుని ఊడదు. అచ్చం మా ఆదిలాబాద్ చేనే. పెరట్లో నేల మీద గోంగూర, చిక్కుడు వేసేవాళ్లకి నా సలహా ఒకటే, నాలుగు పళ్ల గార్డెన్ ఫోర్క్ గట్టిది కొనండి. పార దిగని చోట అది దిగుతుంది, ఒక అడుగు లోతుకి గుచ్చి వెనక్కి వంచితే మట్టి పెళ్లలుగా విడిపోతుంది. అయితే పైతడి ఆరి లోపల ఇంకా చెమ్మ ఉన్న రెండు మూడు రోజుల్లోనే ఆ పని అయిపోవాలి. కటర్‌కి నేను ఫెల్కో 2 కొన్నాను, ధర చూసి మా ఆయన గుండె పట్టుకున్నాడు, కానీ దాని బ్లేడు, స్ప్రింగు అన్నీ విడిగా దొరుకుతాయి. నలభై కుండీలకైతే అంత అవసరం లేదు లెండి. మీకు లేని ఖర్చు ఇంకోటుంది మాకు, చలికాలంలో కరివేపాకుని ఇంట్లోకి లాగడానికి చక్రాల స్టాండు.

ఉప్పల్_మిద్దె:
చాలా థాంక్స్ అండీ అందరికీ. మరి స్ప్రేయర్? మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది, కాబట్టి ఆలోచించి చెప్పండి. పోయిన ఏడాది బెండంతా ఆకులు పసుపు ఈనెలొచ్చి పోయింది, కాకరకాయల్లో పురుగు.

అంటుమొక్క_కడియం:
అక్కయ్య గారికి నమస్కారం చెప్పండి, బ్యాటరీ స్ప్రేయర్ నలభై కుండీలకి ఎక్కువండీ. చేత్తో గాలి కొట్టే 2 లీటర్లది చాలు. కానీ మూతి తిప్పితే పైకి కొట్టేలా ఉండాలి, పురుగులుండేది ఆకు అడుగునే. వేపనూనె లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, ముందు నూనెలో కాస్త సబ్బు ద్రవం బాగా కలిపి ఆ తర్వాత నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలిపోయి చివర్లో ఒకే మొక్క మీద పడి ఆకు మాడుతుంది. సాయంత్రం కొట్టండి. కొట్టాక ఉత్త నీళ్లు పోసి రెండుసార్లు పిచికారీ చేసేయాలి, ఇది చేయకే నాజిల్ పూడిపోయి జనం స్ప్రేయర్లు పారేస్తారు.

మీ బెండకి వచ్చింది పల్లాకు తెగులు, దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. ఒకసారి వచ్చాక ఏం కొట్టినా ఆ మొక్క బాగుపడదు, పీకేయడమే. ముందే పసుపు రంగు జిగురు అట్టలు మొక్క తల ఎత్తులో కట్టండి, తెల్లదోమ వచ్చిన సంగతి వాటి మీదే ముందు తెలుస్తుంది. కాకరలో పురుగు పండు ఈగ పని. దానికి ఎర బుట్ట దొరుకుతుంది, కానీ షాపువాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు, చూసుకోండి. మామిడి, జామకి పెట్టే ఎర మందు మిథైల్ యూజినాల్, బీర కాకర సొరకి కావాల్సింది క్యూల్యూర్. మామిడిది తెచ్చి కాకర పాదు దగ్గర వేలాడదీస్తే మీ కాకర ఈగలు దాని మొహం కూడా చూడవు. ఒకటి, ఇందులో పడేవి మగ ఈగలే, అందుకని పుచ్చిన కాయలు కింద పడేయకుండా కవర్లో కట్టి బయటికి పంపేయండి, పిందెలకి పాత కాగితం సంచి తొడిగినా మంచిదే.

ఇంకోటి, నిమ్మకి అంటు కట్టే ఉద్దేశం ఉంటే దానికి చాకు వేరేగా పెట్టుకోండి, కూరలు కోయడానికీ తాడు తెంపడానికీ ఇవ్వకండి. టమాటాలో మొజాయిక్ (ఆకుల మీద మచ్చలు తెచ్చే వైరస్ తెగులు) లాంటివి చేతుల వల్లా కత్తెర వల్లా కూడా పాకుతాయి, జబ్బు మొక్క కోశాక చేతులూ కత్తెరా శుభ్రం చేసుకునే పక్క మొక్క దగ్గరికి వెళ్లాలి. మా నర్సరీలో ఇది చేయని కుర్రాడికి చాకు ఇవ్వరు.

బీరపాదు_బెజవాడ:
క్యూల్యూర్ సంగతి నిజం, షాపులో పేరు చదివి తీసుకోండి. మీ మూడు వేలల్లో కటర్, తాపీ, బొరిగ, జల్లెడ, చేతి స్ప్రేయర్, జిగురు అట్టలు వచ్చేస్తాయనుకుంటా. డ్రిప్ వచ్చే నెల చూసుకోండి, వానలొస్తే ఎలాగూ కొన్నాళ్లు ఆగుతుంది కదా.