‘నిరాడంబరం’ అంటే సరిపోతుందా? కొరియా దుస్తుల శైలికి తెలుగు మాట

లీ మ్యోంగ్‌షిన్ 2009లో సియోల్‌లో నెలకొల్పిన ‘లో క్లాసిక్’ స్త్రీల దుస్తుల సంస్థ గురించి వ్యాసం రాస్తున్న మన బృంద సభ్యురాలు ఒకరు, దాని మినిమలిస్ట్ (అలంకరణ అతి తక్కువగా ఉండే) శైలిని ‘నిరాడంబర శైలి’ అనవచ్చునా అని అడిగారు. ఆ మాటతో సగం అర్థమే వస్తుందని నా అభిప్రాయం. ఖద్దరు కట్టిన నాయకుల జీవితాలను వర్ణించడానికి ఎక్కువగా వాడడం వల్ల ‘నిరాడంబరం’లో త్యాగచ్ఛాయ స్థిరపడిపోయింది. ఇటువంటి దుస్తులలో పూలూ, మెరుపులూ లేకపోయినా, కోతలోనూ భుజాల తీరులోనూ అందం కోసం పడిన శ్రమ స్పష్టంగా కనిపిస్తుంది.

కొరియన్లు తమ సౌందర్యదృష్టిని చెప్పడానికి తరచుగా ఉదాహరించే పాత వాక్యమొకటి ఉంది: ‘గొమిబుల్లు, హ్వాయిబుల్చి’. కిమ్ బుసిక్ 1145లో పూర్తిచేసిన ‘సామ్‌గుక్ సాగి’ చరిత్రలో, ప్రాచీన కొరియా రాజ్యమైన పేక్చేను ఏలిన రాజు ఓంజో క్రీ.పూ. 4లో కట్టించిన కొత్త రాజభవనాన్ని వర్ణించే సందర్భంలో ఇది వస్తుంది. ‘పొదుపుగా ఉన్నా వెలవెలబోలేదు, శోభగా ఉన్నా దుబారా కాలేదు’ అని దీనిని తెలుగు చేయవచ్చు. 1394లో కొరియా మంత్రి, పండితుడు జొంగ్ దోజొన్ దాదాపు ఇదే మాటను తిరిగి చెబుతూ, భవనం విలాసంగా ఉంటే ప్రజలకు శ్రమ, ధనానికి నష్టం కలుగుతాయనీ, నాసిగా ఉంటే రాజసభకు గౌరవం నిలవదనీ కారణాలు కూడా చూపాడు. అటు విలాసానికీ ఇటు నాసితనానికీ హద్దు గీయడం ఈ వాక్యంలోని విశేషం. మన ‘నిరాడంబరం’ మొదటి హద్దును మాత్రమే చెబుతుంది.

అయితే ఇది చీనా లిపిలో పుట్టిన పండితవాక్యం. నేటి కొరియా యువతులు వాడే మాట ‘క్కు-అన్-క్కు’. ‘క్కుమిన్ దుత్, అన్ క్కుమిన్ దుత్’ అనే పదబంధంలోని మొదటి అక్షరాలను కలిపి దానిని చేశారు. ‘క్కుమిదా’ అంటే అలంకరించడం, ‘క్కుమిన్’ దాని భూతకాలిక విశేషణ రూపం, ‘దుత్’ అచ్చంగా మన ‘అట్టు’. అందువల్ల ‘సింగారించుకున్నట్టూ, సింగారించుకోనట్టూ’ అనగానే అర్థంతోపాటు వాక్యనిర్మాణం కూడా దాదాపు యథాతథంగా తెలుగులోకి వచ్చేస్తుంది. కొరియన్‌లో వ్యతిరేకార్థకమైన ‘అన్’ క్రియకు ముందు నిలుస్తుంది, మనకు అది క్రియలోనే కలిసిపోతుంది, తేడా అంతే. ఇంత దూరపు భాషతో ఇంత దగ్గరి పోలిక దొరకడం నాకు ఎంతో ఆనందాన్నిచ్చింది.

కనుక శైలి పేరుగా ‘మినిమలిస్ట్’నే ఉంచి, వర్ణనలో ‘సింగారించుకున్నట్టూ, సింగారించుకోనట్టూ ఉండే దుస్తులు’ అని రాయమని సూచిస్తున్నాను. ఒకే పదం కావాలంటే ‘పొందిక’ను పరిశీలించవచ్చు, కాని అది అమరికను చెప్పినంతగా పొదుపును చెప్పదు. ఈ రెండింటినీ కలిపి చెప్పే మాట మీ ప్రాంతపు వాడుకలో ఉంటే, ఏ సందర్భంలో అంటారో కూడా చేర్చి తెలియజేయండి.