రోమ్‌లో ఒక్క రోజే ఉంటే: వాటికన్, కొలోసియం రెండూ చూడాలా, ఒకటి వదిలేయాలా?

దారిదీపం: ఆరుగురు స్నేహితులు, రోమ్‌లో ఒకే ఒక్క రోజు. వాటికన్ మ్యూజియంలు, కొలోసియం రెండూ పెట్టుకోవచ్చని కొందరు, ఒకటి వదలాల్సిందేనని కొందరు అంటున్నారు. కారణాలతో చెప్పగలరా?

నడకప్రియ: రెండూ కుదురుతాయండి, స్లాట్లు (టికెట్ మీద ఉండే ప్రవేశ సమయాలు) ముందే పట్టుకుంటే. మ్యూజియంలకు పొద్దున 8 గంటల స్లాట్ తీసుకోండి. మైకెలాంజెలో చిత్రాలున్న సిస్టీన్ చాపెల్ దాకా వెళ్లి బయటికి రావడానికి మూడు గంటలు వేసుకోండి. భోంచేసి ఒట్టావియానోలో మెట్రో ఏ లైన్ ఎక్కి, టెర్మినీలో బి లైన్‌కి మారితే రెండో స్టేషనే కొలోసియో. టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది. టెర్మినీలో మారేటప్పుడు మాత్రం గేటు దాటి బయటికి రావద్దు, అదే టికెట్‌తో మళ్లీ మెట్రో ఎక్కనివ్వరు. కొలోసియం స్లాట్ 3 తర్వాత.

సాయంకాలం: ఈ లెక్క ఇద్దరికి సరిపోతుంది, ఆరుగురికి సరిపోదు. మెట్రో గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకించి వెళ్దామంటే ఎవరి కార్డు వారికి ఉండాలి, ఒక్క కార్డుతో అందరూ దాటలేరు. మ్యూజియంలలో పెద్ద బ్యాగు క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. దానికోసం ఒక్కరు వెనక్కి వెళ్లినా మిగతా ఐదుగురూ ఆగిపోతారు. పైగా మీరు వాటికన్‌లోని పెద్ద చర్చి, సెయింట్ పీటర్స్ బసిలికాని లెక్కలోకే తీసుకోలేదు. లోపలికి ఉచితమే కానీ మ్యూజియం గుమ్మం నుంచి గోడ చుట్టూ పావుగంట నడక, ఆపైన బసిలికా ముందున్న చౌక్‌లో తనిఖీ క్యూ. గోపురం ఎక్కాలంటే 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా 320 మిగులుతాయి. అంత దూరం వెళ్లి అది చూడకుండా రావడం అన్యాయం. ఇంకోటి, చలికాలంలో కొలోసియం 4:30కే మూసేస్తారు, గంట ముందే ప్రవేశం ఆపేస్తారు. 3 గంటల స్లాట్‌కి అరగంట ఆలస్యమైతే టికెట్ డబ్బు పోయినట్టే.

నడకప్రియ: చలికాలం మాట ఒప్పుకుంటాను. అప్పుడు వరస తిరగేయండి: 8:30కి తెరవగానే కొలోసియం, మధ్యాహ్నం బసిలికా, చివర మ్యూజియంలు. అవి రాత్రి 8 దాకా ఉంటాయి, చివరి ప్రవేశం 6కి. సాయంత్రం స్లాట్లలో జనం కూడా పలచబడతారు.

రాతిబాట: మీరిద్దరూ ఫోరమ్‌ని, అంటే ప్రాచీన రోమ్ నగర కూడలి శిథిలాలని, మరిచారు. కొలోసియం టికెట్‌లోనే రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ కలిసి ఉన్నాయి. కొలోసియంలోకే స్లాట్ ఉంటుంది, సాధారణ టికెట్ 24 గంటలు చెల్లుతుంది. ఆ రెండింటికే పూట పడుతుంది. నీడ తక్కువ, ఎగుడుదిగుడు రాళ్లు, పల్చటి అడుగున్న చెప్పులతో గంట తిరిగేసరికి కాళ్లు వాచిపోతాయి. నీళ్లకి దిగులు లేదు, వీధుల్లో నాసోనే అనే ఇనుప కుళాయిలు ఆగకుండా పారుతుంటాయి. కింది మూతిని వేలితో మూస్తే పైన చిన్న కంతలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. గాజు సీసా మాత్రం కొలోసియంలోకి తేనివ్వరు.

నా మాటేమిటంటే, ఆరుగురూ రోజంతా కలిసే తిరగాలన్న పట్టు వదలండి. చిత్రాలంటే ఇష్టమున్న ముగ్గురు వాటికన్‌కి, శిథిలాలంటే ఇష్టమున్న ముగ్గురు కొలోసియం, ఫోరమ్‌కి. సాయంత్రం 5కి పాంథియాన్ అనే ప్రాచీన గుడి ముందు కలవండి. అక్కణ్ణుంచి ట్రెవీ ఫౌంటెన్‌కి నడిచే దూరమే.

సాయంకాలం: విడిపోవడం నాకూ నచ్చింది. అయితే టికెట్లన్నీ ఒక్కరి ఫోన్‌లో ఉంటే రెండో జట్టు గేటు దగ్గరే ఆగిపోతుంది. కొలోసియం టికెట్ మీద ఎవరి పేరు వారిదే ఉంటుంది, గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. రాత్రే ఎవరి పీడీఎఫ్ వారికి పంపేయండి, పాస్‌పోర్ట్ ఎవరిది వారి దగ్గరే ఉంచుకోండి.

నడకప్రియ: విడిపోతే సిస్టీన్ చాపెల్ ముగ్గురికి దక్కదు కదండీ! మొదటిసారి వెళ్లేవాళ్లకి నేనది చెప్పలేను. దారిదీపం గారూ, మీరు వెళ్లేది ఏ వారం? ఆదివారమైతే మ్యూజియంలు మూత. నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు కానీ 12:30కే ప్రవేశం ఆగిపోతుంది. బుధవారం పొద్దున పోప్ సభ ఉంటే చౌక్ నిండిపోతుంది, బసిలికా మధ్యాహ్నానికి పెట్టుకోవాలి.

దారిదీపం: నవంబరులో, గురువారం. అయితే కొలోసియమే ముందు.