అప్‌డేట్: యాంటిగొనీకి ఇస్మినీ మీద అంత కోపమెందుకు?

పోయిన వారం అడిగాను కదా, సోఫోక్లీస్ రాసిన ప్రాచీన గ్రీకు నాటకంలో యాంటిగొనీ తన తోబుట్టువు ఇస్మినీతో ఎందుకంత కటువుగా మాట్లాడుతుందని. మీలో కొందరు చెప్పినట్టే మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఇస్మినీని యాంటిగొనీ పిలిచే మొదటి పిలుపు ఎంత ప్రేమగా ఉందో! రాజు క్రెయాన్ ఆజ్ఞ కాదని తమ సోదరుడు పాలినైసిస్ శవాన్ని పూడ్చడానికి రాలేనని ఇస్మినీ అనగానే అంతా తలకిందులు. తర్వాత యాంటిగొనీ ఒక్కతే ఆ పని చేసి పట్టుబడితే, క్రెయాన్ ఎదుట ఇస్మినీ ఆ తప్పు పంచుకోవడానికి వస్తుంది, యాంటిగొనీ ఒప్పుకోదు. నువ్వు బతుకు ఎంచుకున్నావు, నేను చావు ఎంచుకున్నాను అంటుంది.

అది కోపం కాదు, కాపాడటమే అన్నారు మీరు. అక్కడిదాకా నేనూ సరేననుకున్నాను. కానీ యాంటిగొనీ చావుకు వెళ్తూ, రాజవంశంలో మిగిలింది తానొక్కతేనంటుంది. ఇస్మినీ బతికే ఉందిగా! అక్కడ మాత్రం మనసు చివుక్కుమంది.