బ్రిట్‌గ్రాడ్‌లో ఈ పేపర్ ఏ ప్యానెల్‌లో పెట్టాలి?

ప్రశ్న: స్ట్రాట్‌ఫర్డ్ షేక్‌స్పియర్ ఇన్‌స్టిట్యూట్‌లో పీజీ విద్యార్థులే నడిపే బ్రిట్‌గ్రాడ్ సదస్సు కమిటీలో ఈసారి నేనూ ఉన్నాను. షేక్‌స్పియర్ కాలం నాటి నాటక రచయిత థామస్ మిడిల్టన్ లండన్ కామెడీల మీద మూడు పేపర్లొచ్చాయి, సరే. బాలనటుల మీద ఒక్కటే వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టను? ఒకటే టెన్షన్.

జవాబు: మిడిల్టన్ పక్కనే పెట్టమ్మా. 1600ల మొదట్లో ఆయన కామెడీలు ఎక్కువగా ఆడింది లండన్ సెయింట్ పాల్స్ చర్చి పిల్లల నాటక బృందమే కదా!

జవాబు: నాలుగు పేపర్లా? తలా 20 నిమిషాలంటే ఇక ప్రశ్నలకు టైమేదీ? మూడే ఉంచు. చైర్ చేసేవాళ్ల చేతికి ఇంకెన్ని నిమిషాలున్నాయో చూపించడానికి ‘5’, ‘1’ అని రాసిన అట్టముక్కలివ్వు. మా దగ్గర ఓసారి మొహమాటానికి పోయి ఎవర్నీ ఆపలేదు, భోజనాలు చల్లారిపోయాయి.

ప్రశ్న అడిగినవారు: మిడిల్టన్‌లో ఒకటి అప్పుల గురించేలే, డబ్బాశ మీద కామెడీలు రాసిన బెన్ జాన్సన్ ప్యానెల్‌లోకి తోసేస్తా. అట్టలు రేపే కోస్తానక్కా.