అప్‌డేట్: ఫైర్ అలారం ప్యానెల్‌పై ఆరని ఫాల్ట్ దీపం

విజయవాడ వన్‌టౌన్‌లోని మా బట్టల దుకాణంలో ఫైర్ అలారం ప్యానెల్‌పై ఫాల్ట్ దీపం ఆరకుండా వెలుగుతోందని, వ్యవస్థ మొత్తాన్నీ మార్చాలా, మరమ్మతు సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. ముందు బ్యాటరీలను, తరువాత ఒక్కొక్క జోన్ (ప్యానెల్‌కు విడి సర్క్యూట్‌తో కలిపిన భాగం) వైరింగును పరీక్ష చేయించమన్న వారందరికీ కృతజ్ఞతలు.

టెక్నీషియన్ ప్యానెల్ తెరిచి చూపగా, 12 వోల్టుల బ్యాటరీలు రెండూ ఉబ్బిపోయి, టెర్మినళ్ల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని కనిపించింది. కరెంటు పోతే అలారం మోగే పరిస్థితే లేదు. వాటిని మార్చినా దీపం ఆరలేదు. రెండో అంతస్తులో ఫాల్స్ సీలింగ్ వేసిన పనివారు ఒక స్మోక్ డిటెక్టర్‌ను ఊడదీసి వైర్లను అలాగే వదిలేయడంతో, జోన్ చివరి రెసిస్టర్ (వైరు ఎక్కడా తెగలేదని ప్యానెల్‌కు తెలిసేలా చివర పెట్టే చిన్న భాగం) దాకా సర్క్యూట్ పూర్తికావడం లేదు. ప్యానెల్ ఇన్నాళ్లూ చెబుతున్నది అదే. మిగిలిన డిటెక్టర్లు సీలింగుకు పైన ఉండిపోయినందున, కింద పొగ కమ్మినా వాటికి ఆలస్యంగానే తెలిసేది. ఇప్పుడు వాటిని సీలింగు కిందికి దింపించాం. టీ కాచే గదిలో మాత్రం పొగకు కాక వేడికి స్పందించే హీట్ డిటెక్టర్ పెట్టించాం. ప్యానెల్ పాతదే.

2020 ఆగస్టులో ఈ ఊళ్లోనే కోవిడ్ కేంద్రంగా నడుస్తున్న హోటల్లో మంటలు రేగి 10 మంది మరణించారు. అందుకే, ఫాల్ట్ ఉన్నప్పుడు ప్యానెల్‌లో మోగే బజర్‌ను ఆపేస్తే చాలునన్న మాటను నేను ఏమాత్రం ఒప్పుకోలేను.

ఫైర్ అలారం వ్యవస్థల ఏర్పాటు, నిర్వహణకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2189ను పేర్కొంటూ వార్షిక నిర్వహణ ఒప్పందం రాయించాం. సీలింగు, ర్యాకులు మార్చేముందు అలారం నిర్వాహకులకు తెలపాలన్న షరతును ఇంటీరియర్ పనుల ఒప్పందాల్లోనూ చేర్చాం.